ఆటగాని విశ్వాసము – జట్టు ఋణము



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. చదివినది సంస్కృతాంధ్రములు, పిల్లలకు చెప్పినది వ్యాకరణమును, భారత భాగవతములును. అట్టివాడు ఆటలను గూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని ఈ విషయమును నేను కోరి తెచ్చుకొనలేదు. అది మా యింటి అరుగు మీదికే నడచి వచ్చినది.

చిలకలూరిపేటకును నరసరావుపేటకును నడుమ నల్లరేగడి నేలలో మా గ్రామమున్నది. పత్తియు మిరపయు మాకు జీవనాధారములు. ఏటేట సంక్రాంతికి మా చుట్టుపట్ల గ్రామములవారు చెడుగుడు పందెములు పెట్టుకొనుట వాడుక. పోయిన మాసమున మా యూరి యువకులు పదిమంది నా యొద్దకు వచ్చి ఒక తగవు తీర్పుమనిరి. మా జట్టునకు పదునాలుగేండ్లుగా నాయకుడైన వానికి ఇప్పుడు ముప్పదియెనిమిదేండ్లు. కూత నిలుచుచున్నది గాని కాలి వడి తగ్గినది. అతనిని ఈ యేడును ఉంచుకొనవలెనా, లేక చందా సొమ్ముతో పొరుగు జిల్లానుండి ఇద్దరు పడుచువాండ్రను కూలికి తెచ్చుకొనవలెనా? ఇదియే తగవు. వారిలో నొకడు, "పంతులుగారూ, విశ్వాసం చూస్తే పందెం పోద్ది, పందెం చూస్తే విశ్వాసం పోద్ది. ఏం చెయ్యమంటారు?" అని అడిగెను.

నాకు వెంటనే బదులు తోచలేదు. వారము రోజులు గడువు అడిగితిని. ఆ వారములో నేను తలపోసిన దానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

ఆటగాండ్రకును జట్లకును జరుగు ఒడంబడిక మనకు తెలియని వింత యేమియు కాదు. మన కమతములలో ఏడాది జీతగానిని కుదుర్చుకొనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఏడు నిండగానే రెండు ప్రశ్నలు పుట్టును. "ఈ ఆసామి యొద్దనే నిలుతునా, ఎక్కువ ఇచ్చువాని యొద్దకు పోదునా?" అని జీతగాడు తలపోయును. "వీనికి వయసు మీరుచున్నది, మరల నిలుపుకొందునా?" అని ఆసామి తలపోయును. లోకము మొదటి ప్రశ్ననే విశ్వాసమని పిలుచును. రెండవ దానికి పేరే పెట్టలేదు. అందు చేతనే తగవులన్నియు పుట్టుచున్నవి.

మొదట మన తెలుగువాని కథయే చెప్పుదును. సి.కె. నాయుడని లోకమెరిగిన కొఠారి కనకయ్య నాయుడు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించెను. ఆయన పూర్వులు మచిలీపట్టణపు వారు. 1926లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై ఆయన 153 పరుగులు తీసెను; అందు 11 మారులు బంతి సరిహద్దుమీదుగా ఎగిరిపోయి ఆరేసి పరుగులు తెచ్చెను. 1932లో లండనునందలి లార్డ్సు మైదానమున భారతదేశము తన తొలి టెస్టు ఆడినప్పుడు జట్టునకు నాయకుడు ఆయనయే.

అంతకు ముందే, 1923లో, ఇండోరు మహారాజు తుకోజీరావు హోల్కరు ఆయనను పిలిపించి తన సైన్యమున కాప్టెను పదవి నిచ్చెను. ఆ కాలమున క్రికెటు ఆటగానికి జీతమను మాట లేదు. సంస్థానాధీశుని కొలువే ఆటగాని ఒడంబడిక. అయితే పిలిచిన ఆ మహారాజు 1926లోనే సింహాసనము విడిచెను. కొడుకు యశ్వంతరావు రాజ్యమునకు వచ్చెను. 1948లో ఆ సంస్థానమే మధ్యభారతమున కలిసిపోయెను. పిలిచిన రాజు లేడు, పిలిచిన రాజ్యము లేదు. నాయుడుగారు మాత్రము ఇండోరును విడువలేదు. 1944 మొదలుకొని 1953 వరకు జరిగిన తొమ్మిది రంజీ పోటీలలో హోల్కరు జట్టు ఎనిమిది మారులు తుదిపోరునకు వచ్చినది. నాలుగు మారులు గెలిచినది. ఇండోరులో పుట్టిన ముస్తాక్ ఆలీ వంటి పడుచువారు ఆయన నీడలోనే పెరిగి పెద్ద ఆటగాండ్రయిరి. 1951-52 తుదిపోరున బొంబాయి బౌలరు ఫడ్కరు వేసిన బంతి తగిలి ఆయన పండ్లూడెను. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు. మైదానము వీడక మరల బ్యాటు పట్టెను.

ఇచ్చట నొక్క విషయము గమనింపుడు. హోల్కరు జట్టు ఆయనను జాలిపడి ఉంచుకొనలేదు. ఆయనయు పాతపేరు చెప్పుకొని కూర్చుండలేదు. ఆయన పనికివచ్చుచుండెను, వారు గుర్తించుచుండిరి. రెండువైపుల నుండియు త్రాడు బిగిసియే యున్నది. అందుచేత ముప్పదియేండ్లు తెగలేదు.

మరి ఆయన తుదివరకు ఆ జట్టునే ఆడెనా? లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ పోటీకాలముననే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ పోటీలలో అడుగుపెట్టినది. అప్పటికి ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు వచ్చి ఆ పసిజట్టునకు నాయకత్వము వహించిరి. దీనిని విశ్వాసఘాతుకమని ఎవ్వరైనను అనగలరా? తనవలన పెరిగిన జట్టు తన కాళ్లపై నిలువగలిగినది; పూర్వుల నేలయందలి జట్టు ఇంకను నడక నేర్వవలసియున్నది. ఋణము తీర్చిన పిమ్మట కదలుట తప్పు కాదు. కదలకుండుటయే విశ్వాసమైనచో గుంజకు కట్టిన గొడ్డుకంటె విశ్వాసపాత్రులు లేరు.

విశ్వాసమనగానే మనకు భారతము జ్ఞప్తికి వచ్చును. శల్యుడు మేనల్లుండ్రయిన నకుల సహదేవుల పక్షమున నిలువవలెనని సైన్యముతో బయలుదేరెను. దారిపొడవునను దుర్యోధనుడు విడిదులు కట్టించి విందులు చేయించెను. ఆ మర్యాదలకు మురిసి శల్యుడు అతని పక్షమునకు మాట యిచ్చెను. కర్ణునికో, రాజ్యమే యిత్తునని శ్రీకృష్ణుడు చెప్పినను కదలలేదు. ఇద్దరును ఒకే పక్షమున పోరాడిరి. కాని శల్యుడు రథము తోలుచునే కర్ణుని మనస్సు చిన్నబుచ్చెను. విందునకు వచ్చినవాడు పోరునకు పూర్తిగా రాడు. కూలికి ఆటగాండ్రను తెచ్చుకొనదలచిన వారు ఈ కథ తెలిసికొనవలెను. అట్లని కర్ణుని విశ్వాసమును కన్నులు మూసికొని మెచ్చుకొనుటకును వీలులేదు. తాను నిలిచిన పక్షము తప్పుదారి పట్టినప్పుడు దానిని ఆపలేని విశ్వాసము కొరతపడిన విశ్వాసమే.

ఇక ఇటీవలి మాట. మన హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరు మీరెల్లరు వినియున్నారు. ఇరువదియేండ్లు ఆయన హైదరాబాదు జట్టునకే రంజీ పోటీలు ఆడెను; 1999-2000లో ఒక్క పోటీకాలముననే 1415 పరుగులు తీసెను. 2008లో ఐ.పి.ఎల్. అను పోటీలు మొదలైనవి. గుంటూరు యార్డులో మిరపటిక్కీకి మచ్చు చూచి ధర పలుకునట్లు అచ్చట ఆటగాండ్రకు వేలము పాడుదురు. ఆ తొలినాళ్లలో కొందరు ప్రఖ్యాతులకు మాత్రము వేలము లేకుండెను. వారిని ఐకాను ఆటగాండ్రనిరి. తమ జట్టు వేలములో కొనిన వారిలో అందరికంటె హెచ్చు ధర పలికిన వానికన్న నూటికి 15 వంతులు ఎక్కువ సొమ్ము వారికి ముట్టవలెనని అప్పటి నియమము. హైదరాబాదు పక్షమున ఏర్పడిన డెక్కన్ చార్జర్సు జట్టులో ఆ పదవి లక్ష్మణునకు దక్కవలసినది. ఆయన దానిని వదలుకొనెను. ఎందుకనగా, తనకిచ్చు సొమ్ము తగ్గినచో జట్టు మంచి ఆటగాండ్రను కొనుటకు ఎక్కువ మిగులును. తొలియేడు ఆ జట్టు అట్టడుగున నిలిచెను. 2009లో ఆస్ట్రేలియావాడు గిల్‌క్రిస్టు నాయకత్వమున పోటీయే గెలిచెను. 2011లో మరల పెద్ద వేలము వచ్చినప్పుడు ఆ జట్టు ఎవ్వరిని నిలుపుకొనక అందరిని వేలమునకు విడిచెను. లక్ష్మణ్ కొచ్చి జట్టునకు పోవలసివచ్చెను.

వేలమునకు దాని ధర్మము దానికున్నది. దానిని నేను నిందింపను. మిరపకాయ ఎవరి కళ్ళములో ఎండినదో కొనువాడు అడుగడు, కాయయు చెప్పదు. మనిషి అట్టివాడు కాడు. ఏ కళ్ళములో ఎండితినో అతనికి జ్ఞాపకముండును.

ఇక సముద్రములకావలి మాట యొకటి చెప్పుదును. అమెరికా దేశమున డాలసు నగరమున్నది. మన జిల్లాల బిడ్డలు అనేకులు అచ్చట ఉద్యోగములు చేసికొని కాపురముండుట మీకు తెలియును. మా మేనల్లుడొకడు అచ్చటినుండి వచ్చినప్పుడు ఒక విగ్రహపు ఛాయాపటము నాకు చూపెను. అది బాస్కెటుబాలు ఆటగాడు డర్క్ నొవిట్జ్కీ విగ్రహము. ఎత్తున కట్టిన బుట్టలో బంతి వేయుటయే ఆ ఆట. జట్టునకు ఐదుగురు ఆడుదురు. ఈయన జర్మనీవాడు. 1998 నుండి 2019 వరకు 21 పోటీకాలములు డాలసు జట్టునకే ఆడెను. 2011లో దానికి తొలిసారి విజేత బిరుదము తెచ్చెను. 2014లో ఒడంబడిక పొడిగింపు వచ్చినది. అంతకు ముందు ఒక్క యేటికే సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు పుచ్చుకొనుచుండిన మనిషి, మూడేండ్లకు కలిపి 2 కోట్ల 50 లక్షలకు ఒప్పుకొనెను. ఇతర జట్లు ఎంతో ఎక్కువ ఇత్తుమనినను పోలేదు. ఆ దేశమున ఒక్కొక్క జట్టు జీతములపై వెచ్చింపదగిన మొత్తమునకు హద్దు గలదు. ముదుసలి ఆటగాడు తన వంతు తగ్గించుకొనినచో ఆ మేరకు పడుచువారికి చోటు కలుగును. 2022లో ఆయన విగ్రహము నిలిపి, విశ్వాసము వాడిపోదను అర్థముగల మాటను దాని పీఠముపై చెక్కించిరి.

కథ ఇచ్చటనే ముగిసినచో చక్కగ నుండును. కాని 2025 ఫిబ్రవరిలో అదే జట్టు లూకా డాన్సిచ్ అను ఇరువదియైదేండ్ల మేటి ఆటగానిని హఠాత్తుగా పరజట్టునకు మార్చివేసెను. మనసు నొచ్చిన అభిమానులు ఎక్కడ గుమిగూడిరో తెలియునా? నొవిట్జ్కీ విగ్రహము ముందే. పీఠముపై చెక్కిన మాట ఆటగానికి మాత్రమేనా, జట్టునకును వర్తించునా అని వారి ఆవేదన. మన జీతగాని రెండవ ప్రశ్నయు ఇదియే గదా.

అయ్యా, పరుల కథలు చెప్పుట సులభము. ఇక నా కథ చెప్పుకొనవలెను. దానిని ఇన్నాళ్లు ఎవ్వరికిని చెప్పలేదు.

1990 ప్రాంతమున నేను ఉద్యోగముననున్న గ్రామములో చెడుగుడు జట్టు వ్యవహారము చూచువారిలో నేనును ఒకడను. లెక్కలు వ్రాయుట, పేర్ల పట్టిక వ్రాయుట నా పని. ఆ జట్టున కూతకు పోవుటలో సాటిలేనివాడొకడుండెను. పత్తిచేలలో కూలిపని చేసికొని బ్రతుకువాడు. పొరుగూరి పెద్ద రైతొకడు, తమ జట్టున ఆడినచో రెండెకరముల పొలము ఒక యేడు కౌలు లేకుండ చేసికొనుమని అతనికి కబురు పంపెను. సెంటు భూమి లేని వానికి అది ఎంతటి ఆశయో మీకు నేను చెప్పనక్కరలేదు. అతడు పోలేదు. నేను కారణమడిగితిని. "ఈ బరిలో పడి లేచినోణ్ణండి పంతులుగారూ. ఆ ఊరోళ్ళ పక్కన నిలబడి ఈ బరిలోకి కూతకొస్తే నా నోరు పెగలదండి" అనెను.

రెండేండ్లు గడచెను. అతని వడి తగ్గెను. పడుచువాడొకడు మెరికవంటివాడు దొరికెను. మేము ముగ్గురము కూర్చుండి అతని పేరు తీసివేసి కొత్తవాని పేరు చేర్చితిమి. పట్టిక నేనే వ్రాసితిని. బడిగోడకు అంటించితిని. అతనితో ఒక్క మాటయైనను చెప్పలేదు. చెప్పుటకు మొగము చెల్లలేదు. గోడ చెప్పునులెమ్మని ఊరకుంటిని.

సంక్రాంతినాడు తెల్లవారకముందే నేను మైదానమునకు పోతిని. అతడు ఒంటరిగా ముగ్గుపిండితో బరి గీతలు గీయుచుండెను. ఏటేట అతడే గీయువాడు. నన్ను చూచి దండము పెట్టి, మరల వంగి గీతను ముగించెను. ఆ యేడు మా జట్టే గెలిచినది. కొత్తవాడు చక్కగా ఆడెను. అనగా, మేము వ్రాసిన పట్టికలో తప్పులేదు. ఆ సంగతియే నా తప్పును ఎన్నో యేండ్లు నాకు కనబడనీయలేదు.

మరుసటి సంక్రాంతికి అతడు మైదానమునకు రాలేదు. బరి గీతలు వంకర పోయినవి. చాలకాలమునకు, నేను బదిలీపై పోవుచున్న దినమున, అతని యింటికి పోయి, "నీ పేరు తీసివేసినందుకు మనసున పెట్టుకొనకుము" అంటిని. అతడు నిదానముగా ఇట్లనెను: "తీసేసినందుకు కాదండి. కాళ్ళు నాయే గదా, వాటి సంగతి నాకు తెలవదా? నాకు చదువు రాదు గదండి. గోడమీద ఏం రాశారో మా అమ్మాయి చదివి చెప్పింది. నా పేరు కోసం మళ్ళీ మళ్ళీ ఎతికింది. పాపం, దానికి ఇంకా సరిగ్గా చదవటం రాలేదేమో అనుకుందండి."

ఆ బాలికకు అక్షరములు దిద్దించినవాడను నేనే.

శ్రోతలారా, ఆటలో చోటు వేరు, జట్టులో చోటు వేరు. ఈ రెంటిని ఒకటిగా చూచుటయే పొరపాటు. బరిలో చోటు కాలిబలమును బట్టి వచ్చును, పోవును. దానిని విశ్వాసము పేరిట నిలుపవలెననుట ధర్మము కాదు, పడుచువారికి అన్యాయము. జట్టులో చోటు అట్లు కాదు. అది అతడు సంపాదించుకొనినది. దానిని తీసివేయుటకు మనకు హక్కు లేదు. ముదుసలి ఆటగాని ఒడంబడికను పొడిగించుటలోని అర్థము ఇదియే. గడచిన యేండ్లకు బహుమానము కాదు, ఎదుటి యేడు గెలిపించునని పందెము కాదు. "నీవు ఏమి చేయగలవో నీవే చెప్పుము, దానికి తగిన పని మా యొద్ద నున్నది" అని మొగము చూచి చెప్పుట. పుచ్చుకొనువాడును తన వంతున నిజము చెప్పవలెను. మోకాలి నొప్పి దాచి చోటు పట్టుకొని కూర్చుండువాడు జట్టునకు ద్రోహము చేసినట్లే.

వారము గడచిన పిమ్మట ఆ యువకులు వచ్చిరి. నేను చెప్పినదిది. "ముందుగా పెద్దలను వెంటబెట్టుకొని అతని యింటికి పొండు. పట్టిక వ్రాయకముందే పొండు. ఏడుగురిలో నిలుచునో, వెలుపలనుండి నేర్పునో అతనినే అడుగుడు. ఏడుగురి పేర్లు అతని నోటనే చెప్పించుకొనుడు. అతడెచ్చట నిలిచినను బహుమతి సొమ్ములో అందరితో సమానముగా వంతు ఇండు. ఈ మాటను ఏడాదికొకసారి మరల అడుగుడు. ఒకసారి అడిగి ఊరకుండరాదు. ఇక కూలికి వచ్చువారిని తెచ్చుకొనుట పాపము కాదు. వారితో బేరము తేటగా మాటాడుకొనుడు, చెప్పిన సొమ్ము చెప్పిన దినమున ఇండు. వారు పోయినప్పుడు విశ్వాసము లేదని తిట్టకుడు. మీరు కొనినది ఆట మాత్రమే."

ఒకడు, "ఆయన్ను ఉంచి ఓడిపోతేనో?" అని అడిగెను. "ఓడినచో ఆ రాత్రి అతని యింటికి మరల పొండు. గెలిచిననాడు పోవుట ఎవ్వరైనను చేయుదురు" అంటిని.

గ్రామపెద్దలారా, ఇది చెడుగుడు మాట మాత్రమే కాదని మీరు గ్రహించియే యుందురు. ముప్పదియేండ్లు మన యరకలు దున్నిన జీతగానికి నడుము వంగినప్పుడు, అతడు రేపటినుండి రానక్కరలేదని పొరుగువాని నోట వినుచున్నాడా, మన నోట వినుచున్నాడా? ఒంగోలు గిత్తల జత బండలాగుడు పందెములలో కప్పులు తెచ్చిననాడు ఫొటో తీయించుకొనెదము. అవి ముసలివైననాడు సంతకు ఎవరు తోలుకొనిపోవుచున్నారు? ఎవరి మట్టుకు వారు తమ యింట చూచుకొనవలసిన లెక్క ఇది.

ఆ యువకులు వచ్చు ఆదివారము ఉదయము ఆ ఆటగాని యింటికి పోవుదుమనిరి. నన్నును రమ్మనిరి. పోవుచున్నాను. ఈ మారు కాగితము గాని కలము గాని వెంట తీసికొనిపోను.

సెలవు.